నడవదని నువ్వే చూపెట్టు

2018 ఎండాకాలం. సిరిసిల్ల బి.వై.నగర్‌లో మా మేనమామ ఇంటి అరుగు మీద కూర్చుని, ఆయన కార్ఖానాలో మరమగ్గాలు బిగించి బాగుచేసే జాబర్‌తో, నాకన్నా ముప్పై ఏళ్ళు పెద్దవాడితో, నేనొక మాటన్నాను. "కాకా, నడవదని నువ్వే చూపెట్టు. చూపెడితే ఆపుతా." ఆ మాట వల్ల ఒక కార్ఖానా నష్టపోయింది. ఒక మనిషి ఊరు విడిచిపోయాడు. చాలా ఏళ్ళు ఈ సంగతి మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. తప్పు నాది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది కోరుట్ల. అమ్మ బీడీలు చుట్టింది, ఆ డబ్బుతోనే నేను చదువుకున్నాను. హైదరాబాద్‌లో ఎంబీయే చేసి, ఒక కంపెనీలో ఆరేళ్ళు పనిచేసి, నాన్న ఆరోగ్యం బాగాలేక తిరిగొచ్చాను. వచ్చాక జగిత్యాలలో, కోరుట్లలో కాలేజీ పిల్లలకు ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. నా విషయం ఎప్పుడూ ఒకటే: అంతరిక్ష ప్రయోగాల నుంచి వ్యాపారం ఏం నేర్చుకోవాలి, ఒక సంస్థ పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతికి ఎలా మారాలి. ఆ విషయమంటే నాకు నిజంగా ప్రాణం. చిన్నప్పుడు శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడల్లా పక్కింటి టీవీ ముందు కూర్చున్నవాణ్ణి.

నేను ప్రతి సభలో చెప్పే కథ ఒకటుండేది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. ప్రాజెక్టు బాధ్యత అబ్దుల్ కలాంది. రాకెట్ లేచిన 317 సెకన్లకు బంగాళాఖాతంలో పడిపోయింది. విలేకరుల ముందుకు కలాంను ఒంటరిగా పంపకుండా ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ తానే వెళ్ళి కూర్చున్నారు. వైఫల్యాన్ని తన మీద వేసుకున్నారు. తన మనుషుల మీద నమ్మకముందన్నారు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం విలేకరులతో మాట్లాడమని కలాంనే ముందుకు పంపారు. ఈ కథ చెబితే పిల్లలు లేచి చప్పట్లు కొట్టేవాళ్ళు. చెప్పిన ప్రతిసారీ నా కళ్ళు కూడా తడిసేవి.

ఆ కథకు ఇంకో సగం ఉంది. ప్రయోగానికి కొద్ది నిమిషాల ముందు కంప్యూటర్ ఆగమని హెచ్చరించింది. చుట్టూ ఉన్న నిపుణులు ఫర్వాలేదన్నారు, కలాం ముందుకే వెళ్ళమన్నారు. ఈ సంగతి కలామే తర్వాత చాలా చోట్ల దాచుకోకుండా చెప్పుకున్నారు. నాకూ తెలుసు. కాని సభల్లో ఆ సగం చెప్పేవాణ్ణి కాదు. ఆగమన్న హెచ్చరికను దాటిపోయిన ముక్క చెబితే కథ బిగువు తగ్గుతుందనుకున్నాను. ఏ సగాన్ని పిల్లల దగ్గర దాచానో, సిరిసిల్లలో అదే నా మీదికి వచ్చింది.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. వేల సాంచాలున్న ఊరు అది. ఎక్కువగా తెల్ల పాలిస్టర్ గుడ్డ నేస్తారు. ఒక కార్మికుడు ఎనిమిది, పది సాంచాల మధ్య తిరుగుతూ పన్నెండు గంటల షిఫ్టు చేస్తాడు. గిరాకీ పడిపోయిన కాలంలో ఆ ఊరు ఎందరు నేత కార్మికులను పోగొట్టుకుందో మా చుట్టాల ఇళ్ళలోనే లెక్కలున్నాయి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరలు మొదలుపెట్టాక ఊళ్ళో కొత్త ఊపిరి వచ్చింది. అయితే తెల్ల గుడ్డ వేరు, అంచున్న చీర వేరు. అంచు రావాలంటే సాంచా మీద డాబీ బిగించాలి. ఏ వరుసలో ఏ పోగులు లేవాలో డాబీ చెబుతుంది. అడ్డపోగును మోసే నాడె దూకే సమయం దానితో కుదరాలి. ఇది చిన్న మార్పు కాదు. అరవై ఏళ్ళు ఎడమచేత్తో తిన్నవాణ్ణి రేపటి నుంచి కుడిచేత్తో తినమన్నట్టే.

మామకు ఇరవై నాలుగు సాంచాలుండేవి. 2018 ఆర్డరు కోసం అన్నింటికీ డాబీలు పెట్టాలనుకుని నాకు ఫోన్ చేశాడు. "అల్లుడా, నువ్వు ఊరూరు తిరిగి చెప్తవు గదా, ఒక్కపారి వచ్చి నా కార్ఖానా నిలబెట్టు" అన్నాడు. కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా బస్సులో పోతూ దారి పొడుగునా నోట్‌బుక్కు నింపాను. కార్ఖానా నా చేతికొచ్చింది. నేను చెప్పే పాఠాలన్నీ చేసి చూపించే చోటు దొరికిందని సంబరపడ్డాను.

మొదటి రోజే గోడకు నల్లబల్ల పెట్టించాను. శ్రీహరికోటలో లెక్కపెట్టినట్టు పై నుంచి కిందికి రోజులు రాశాను. ఇంకా పది, ఇంకా తొమ్మిది. పదో రోజు పొద్దున ఆరు గంటలకు ఇరవై నాలుగు సాంచాలూ ఒక్కసారే చీర నేయడం మొదలుపెట్టాలి. అదే నా 'ప్రయోగం'. అలా ఒకేసారి ఎందుకు అని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఒకేసారి లేస్తేనే చూడటానికి గొప్పగా ఉంటుందన్నది తప్ప నా దగ్గర వేరే కారణం లేదు.

కూలి సంగతిలో చేసిన తప్పు కూడా చెప్పాలి. మామ నాతో మీటర్లలో మాట్లాడాడు: రోజుకు ఎన్ని మీటర్లు, మీటరుకు ఎంత. నేత కార్మికుడు ఆలోచించేది పిక్కుల్లో. అంగుళానికి అడ్డపోగులెన్ని పడాలో అదే పిక్కుల లెక్క. అవి పెరిగితే మీటరు గుడ్డ ఆలస్యంగా దిగుతుంది. పైగా డాబీ సాంచాను కన్నార్పకుండా చూసుకోవాలి కాబట్టి ఎనిమిది నడిపేవాడు నాలుగే నడపగలడు. నేను తెల్ల గుడ్డకిచ్చే మీటరు రేటునే చీరకూ రాసి ఉంచాను. నా కాగితం మీద కార్మికుడి సంపాదన తగ్గలేదు, వాళ్ళ వేళ్ళ లెక్కలో సగానికి పడిపోయింది. 1999లో అమెరికా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర పోయింది. ఒక జట్టు బలాన్ని పౌండ్లలో ఇస్తే, రెండో జట్టు దాన్ని న్యూటన్లనుకుంది. ఈ కథ కూడా నేను సభల్లో చెప్పేవాణ్ణి. అదే పొరపాటును కాగితం మీద నా చేత్తో నేనే రాస్తున్నానని అప్పుడు తోచలేదు.

జాబర్ కాక ఆ కార్ఖానాలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాడు. సాంచా చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. తక్కువ మాట్లాడేవాడు. మొదటి వారం నేను చెప్పినవన్నీ విన్నాడు, బిగించమన్నవన్నీ బిగించాడు. ఏడో రోజు ఒక సాంచా మీద డాబీ పెట్టి, మధ్యాహ్నం పూట నడిపి మామకు చూపించాం. అంచు చక్కగా పడింది. మామ ఆ ముక్కను మా అత్తయ్యకు చూపించడానికి ఇంటికి తీసుకెళ్ళాడు. నా నల్లబల్ల మీద దాని పక్కన టిక్కు పెట్టాను.

తొమ్మిదో రోజు రాత్రి కాక మామ ఇంటికొచ్చాడు. మామ నిద్రపోయాడు. నేను అరుగు మీద ఉన్నాను. కాక కింద మెట్టు మీద కూర్చున్నాడు. పైన కూర్చోమని నేననలేదు. అది ఇప్పటికీ గుర్తొస్తుంది.

"బిడ్డా, రేపు ఇరవై నాలుగు ఒక్కపారి షురూ చెయ్యకు" అన్నాడు. "రెండు పెడదాం. అయి రెండు షిఫ్టులు నడువనియ్యి. రాత్రి షిఫ్టు గూడ చూడాలె. మంచిగుంటే నాలుగు, తర్వాత ఎనిమిది."

మొన్న నడిచింది కదా అన్నాను.

"నడిచింది. అబద్ధం కాదు. గని అది మిట్టమధ్యాహ్నం, ఒక్కటే సాంచా. అన్ని మోటర్లు ఒక్కతాన గుంజితే మన వైరు ఆగది. కరెంటు పడిపోతే నాడె జోరు తగ్గుతది. డాబీ మీద దారి ఎక్కువసేపు తెరిసుండది. నాడె నడుమల ఇరికిందనుకో, పోగులన్నీ పోతయ్."

ఆయన చెప్పిందాంట్లో నాకు తెలియని శాస్త్రం ఏమీ లేదు. ఒక్కో మాటా అర్థమైంది. అయినా తొమ్మిది రోజులు గోడ మీద అంకెలు రాసినవాణ్ణి కదా. ఆర్డరు ఇచ్చినవాళ్ళకు తేదీ చెప్పాడు మామ. పొద్దున ఫొటో తీయడానికి జగిత్యాల నుంచి మిత్రుడిని రమ్మన్నాను. వీటన్నింటి బరువు కాక మాటకన్నా ఎక్కువగా తోచింది. అప్పుడన్నాను ఆ మాట. "కాకా, నడవదని నువ్వే చూపెట్టు. చూపెడితే ఆపుతా."

ఆయన కాసేపు నా ముఖం చూశాడు. "రేపటి సంగతి ఈ రాత్రి ఎట్ల చూపెట్టాలె బిడ్డా" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

పొద్దున ఆరుకు మొదలుపెట్టాం. మామ కొబ్బరికాయ కొట్టాడు. గంటన్నర బాగానే నడిచింది. ఫొటోలూ తీశారు. ఏడున్నర దాటాక చుట్టుపక్కల కార్ఖానాలూ ఎత్తుకున్నాయి. లైట్లు మసకబారాయి. మోటర్ల మూలుగు మారింది. మూలనున్న సాంచాలో నాడె ఇరుక్కున్న చప్పుడు వినిపించింది. దాని వెనకే మరొకటి. కార్మికులు ఆపేలోపే పదకొండు సాంచాల మీద పోగులు తెగాయి. నిలువుపోగులు చుట్టిన ఒక్కో భీము మీద వేల పోగులు. తెగినవి కొన్నింటి మీద వెంట్రుకల్లా వేలాడుతున్నాయి. కాకే పరుగెత్తి మెయిన్ స్విచ్ దించాడు. ఆ నిశ్శబ్దంలో కండెలు చుట్టే ఆడవాళ్ళు కూడా లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

మామ అడిగాడు, "ఏమైంది?"

ఇక్కడే నా రెండో తప్పు. మొదటిది మూర్ఖత్వం. దీనికి ఏ పేరు పెట్టాలో నాకు తెలుసు, రాయడానికి చెయ్యి ఆడటం లేదు. అందరి ముందూ, "కాక డాబీలు సరిగ్గా బిగించలేదు" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. కాక కూడా. చేతులు గుడ్డపీలికతో తుడుచుకున్నాడు. పానా తీసి కిటికీలో పెట్టాడు. చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. ఆ పదిహేను రోజుల్లోనే మహారాష్ట్రలోని భీవండీ పోయాడు. ఆయన తమ్ముడు అక్కడ సాంచాల మీద పనిచేస్తాడు. ధావన్ కథ చెప్పి పిల్లల చేత చప్పట్లు కొట్టించుకున్న నేను, ధావన్ కూర్చున్నట్టు కూర్చోవాల్సిన ఒకే ఒక్క పొద్దున ఆ కుర్చీలోకి ఇంకొకణ్ణి తోశాను.

కూలి రేటు సంగతి కూడా ఆ వారమే బయటపడింది. పన్నెండు మందిలో ఐదుగురు రాలేదు. పోగులతికేవాళ్ళకు రోజుల తరబడి పని పట్టింది. అతకడానికి వీల్లేని భీములను కోసేసి అమ్ముకున్నాం. మామ ఆ ఏడాది అప్పు చేశాడు. నన్నొక్క మాట అనలేదు. నేను కోరుట్ల తిరిగొచ్చాను. అమ్మకు జరిగింది చెప్పాను, చివరి ముక్క తప్ప. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి ఒకటే అడిగింది, "ఆయిన ఆగుమన్నడా?" నేను జవాబు చెప్పలేదు. నలభై ఏళ్ళు తాను చుట్టిన బీడీలు ఇంకెవరో చూసి పక్కకు తీసేస్తుంటే ఊరుకున్న మనిషి ఆమె. చేసేవాడి మాటకు విలువ లేకపోవడం అంటే ఏమిటో ఆమెకు నేను చెప్పాల్సిన పనిలేదు.

ఏడాది గడిచింది. 2019 జూలై 14 రాత్రి నిద్రపోకుండా టీవీ ముందు కూర్చున్నాను. తెల్లవారుజామున 2.51కి చంద్రయాన్-2 లేవాలి. శ్రీహరికోటలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ స్వయంగా వచ్చి కూర్చున్నారు. దేశమంతా మేలుకుని ఉంది. సరిగ్గా 56 నిమిషాల ముందు లెక్క ఆగిపోయింది. సాంకేతిక లోపం కనబడిందని, ఆ రోజు ప్రయోగం లేదని ప్రకటించారు. రాష్ట్రపతి ఎదుటే ఆపేశారు. ఎవరో ఒకరు 'ఆగాలి' అని ఉంటారు. వాళ్ళను 'ఎగరదని నువ్వే చూపెట్టు' అని ఎవరూ అడగలేదు. వారం తర్వాత, జూలై 22న, అదే రాకెట్ లేచింది. ఆ వారం రోజుల ఆలస్యం వల్ల వాళ్ళకేమీ చిన్నతనం కాలేదు. నా ఫొటో కోసం నేను ఒక్క రోజు కూడా ఇవ్వలేకపోయాను.

ఆ తర్వాతే అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ప్రమాదం గురించి మళ్ళీ కూర్చుని చదివాను. ఇంతకుముందు చదివింది ఉపన్యాసం కోసం. ఈసారి నా కోసం. 1986 జనవరి 27 రాత్రి, దాని రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయకోల్ కంపెనీ ఇంజనీర్లు రేపు పొద్దున ఎగరొద్దన్నారు. రాకెట్ అతుకుల్లోని రబ్బరు వలయాలు చలికి గట్టిపడతాయన్నారు. అంతకుముందు అతి చల్లగా ఎగిరింది 12 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మరునాడు పొద్దున ఉంటుందని అంచనా వేసింది గడ్డకట్టే చలి. అప్పటికే ప్రయోగం కొన్నిసార్లు వాయిదా పడింది. గంటల పాటు ఫోన్లో వాదన జరిగింది. చివరికి కంపెనీ పెద్దలే తమ ఇంజనీర్ల మాట పక్కన పెట్టి సరేనన్నారు. మరునాడు 73 సెకన్లకు ఏడుగురు పోయారు. తర్వాత విచారణలో బయటపడింది ఇదే: ఎప్పుడూ 'సురక్షితం అని చూపించండి' అని అడిగేవాళ్ళు, ఆ రాత్రి మాత్రం ఇంజనీర్లు 'సురక్షితం కాదని' చూపించాల్సి వచ్చింది.

ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను. అది నా మాటే. పోలికలో పెద్దా చిన్నా ఉండొచ్చు, వాళ్ళవి ప్రాణాలు, మావి పోగులు. కాని ఆ మాట పుట్టే చోటు ఒకటే. తేదీ ముందే పెట్టుకున్నవాడికి హెచ్చరిక అడ్డంగా కనబడుతుంది. ఋజువు చెయ్యాల్సిన బరువును హెచ్చరించినవాడి నెత్తికెత్తి తాను తప్పుకుంటాడు.

2003లో కల్పనా చావ్లా ఉన్న కొలంబియా నౌక కూడా అలాగే పోయింది. ఇంధన ట్యాంకు నుంచి నురుగు ముక్కలు ఊడటం అంతకుముందూ జరిగింది, ఏమీ కాలేదు కాబట్టి అలవాటైపోయింది. మామ కార్ఖానాలో పాత వైరు వేడెక్కడమూ అందరికీ అలవాటే. ఆ వైరు మార్చే ఖర్చు నా నోట్‌బుక్కులో ఎక్కడా లేదు. నల్లబల్లకు పెట్టిన ఖర్చు ఉంది.

చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ 2019 సెప్టెంబరు 7న చంద్రుడి మీద దిగుతూ కూలిపోయింది. నాలుగేళ్ళ తర్వాత చంద్రయాన్-3ను ఏ తీరున తయారు చేశారో అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ చెప్పారు. ఏది ఎలా పని చేస్తుందో అనుకుని కాకుండా, ఏది చెడిపోవచ్చో అడుగుతూ కట్టారు. దిగే చోటును 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్లు పొడవు, 2.4 కిలోమీటర్లు వెడల్పుకు పెంచారు. కాళ్ళు గట్టిచేశారు, ఇంధనం ఎక్కువ పెట్టారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం అది దిగినప్పుడు మా వీధిలో పటాకులు కాల్చారు. నాకు మెట్టు మీద కూర్చున్న కాక గుర్తొచ్చాడు. "రెండు పెడదాం, రాత్రి షిఫ్టు గూడ చూడాలె." ఏది చెడిపోవచ్చో ఆయన ఆ రాత్రే అడిగాడు.

మరునాడు భీవండీ నెంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఐదేళ్ళ తర్వాత. "కాకా, ఆ రోజు తప్పు నాది. నువ్వు ఆగుమన్నవు. అందరి ముందు నీ మీద పెట్టిన" అన్నాను. చాలాసేపు సాంచాల చప్పుడే వినిపించింది. తర్వాత, "మామ వైరు మార్చిండా?" అని అడిగాడు. మార్చాడని చెప్పాను. "మంచిది" అన్నాడు.

ఆ ఆదివారం సిరిసిల్ల వెళ్ళి మామనూ, కార్ఖానాలో మిగిలిన కార్మికులనూ కూర్చోబెట్టి నిజం చెప్పాను. వాళ్ళకు ముందే తెలుసు. ఆ పొద్దుననే తెలుసు. నేను కోరుట్లకు పోయాక 2018లో మామ రెండేసి సాంచాలకు మళ్ళీ డాబీలు పెడుతూ, కూలి రేటు ముందే మాట్లాడుకుని, రెండు నెలల్లో పదహారింటిని మార్చాడు. ఒక్క భీము తెగలేదు. 2024లో బతుకమ్మ చీరల ఆర్డర్లు ఆగిపోయి మళ్ళీ ఏం నేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, మామ నాకు ఫోన్ చేయలేదు. సాంచాల మధ్య చాప పరిచి కార్మికులనూ, కండెలు చుట్టే ఆడవాళ్ళనూ అడిగాడు. అదే సరైన పని.

జగిత్యాలలో మళ్ళీ మాట్లాడమన్నప్పుడు నేను కలాం కథ రెండు సగాలూ చెప్పాను, ఆ తర్వాత ఇదీ చెప్పాను. చప్పట్లు పడలేదు. ఒక అమ్మాయి మాత్రం లేచి, కాక తిరిగొచ్చాడా అని అడిగింది.

రాలేదు. ఆయన ఇప్పటికీ భీవండీలోనే ఉన్నాడు. మామ కార్ఖానాలో జాబర్ పని ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రవాడు చేస్తున్నాడు. కిటికీలో పెట్టిన పానా అతని దగ్గరే ఉంది.